బ్రేకు కింది మువ్వ

కిందటి వారం మనం ఏసురాజును కల్లూరు చర్చి గడప బయట, చెప్పులు విప్పుకుంటూ ఉండగా వదిలిపెట్టి వచ్చాం. పాపం, ఈ వారం రోజులూ అతను అక్కడే నిలబడి ఉన్నాడనుకోండి. లోపలికి పోవాలంటే కాళ్లు రావడం లేదు. రెండింటిలో ఒకటి నిజంగానే రావడం లేదు. అసలు గొడవంతా ఆ కాలితోనే.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఏసురాజు బేతంచెర్ల వైపు నాపరాళ్లు లారీలకెత్తే మనిషి. ఏడాదిన్నర కిందట ఒక బండ ఎత్తబోయి నడుం పట్టుకుని కూలబడ్డాడు. వెన్నుపూసల మధ్య డిస్కు జారి నరాన్ని నొక్కేసింది. నొప్పే కదా, అదే పోతుందిలే అని పట్లు వేయించుకుంటూ మూడు నెలలు నాన్చి, ఇక లేవలేని స్థితికి వచ్చాక ఆపరేషను చేయించుకున్నాడు. నడుం నొప్పి పోయింది గానీ కుడికాలు మోకాలి కింది నుంచి మొద్దుబారిపోయింది. నరం చాలా రోజులు నలిగింది, స్పర్శ వస్తే రావచ్చు, రాకపోతే లేదు, ఆ కాలిని కంటితోనే కాపాడుకోవాలి అని డాక్టరు చెప్పి పంపాడు.

భార్య జ్ఞానమణి రోజూ సాయంత్రం ఆ కాలిని ఒళ్లో పెట్టుకుని ఆముదం రాసేది. రాసి, బొటనవేలు గిల్లి, "తెలుస్తాందా?" అని అడిగేది. అతను లేదనేవాడు. ఆమె ముఖం చిన్నబోయేది. మర్నాడు మళ్లీ ఆముదం, మళ్లీ గిల్లుడు, మళ్లీ అదే ప్రశ్న. ఇలా తొంభై సాయంత్రాలు గడిచాక, ఆ ముఖం ఇంకొక్కసారి చిన్నబోవడం చూడలేక ఏసురాజు "తెలుస్తాండాది మణీ" అనేశాడు. అతను పుట్టి బుద్ధెరిగాక ఆడిన పెద్ద అబద్ధం అదొక్కటే, అదీ పెళ్లాం మీద ప్రేమ కొద్దీ ఆడాడు. ఆ ఆదివారమే జ్ఞానమణి చర్చిలో లేచి నిలబడి, దేవుడు నా భర్తకు కాలు తిరిగిచ్చాడని ఏడుస్తూ సాక్ష్యం చెప్పింది. ఇంటి ముందు షామియానా వేయించి కృతజ్ఞతా కూడిక పెట్టింది. కాలు బాగైంది కదా అని ఆటో కొన్నారు. ఆటోకు బ్రేకు కుడికాలి కింద ఉంటుంది.

దానికి ఏసురాజు ఒక ఉపాయం కనిపెట్టాడు. బ్రేకు కింద ఎద్దు మెడలో కట్టే మువ్వ ఒకటి కట్టాడు. తొక్కితే మోగుతుంది. మోగితే కాలు బ్రేకు మీద ఉన్నట్టు, మోగకపోతే వెతుక్కోవాలి. ఎక్కే జనం అది అలంకారమనుకుని 'మువ్వల ఆటో' అని ముద్దుగా పిలుచుకున్నారు. ఇలా ఎనిమిది నెలలు నెట్టుకొచ్చాడు. ఇంతలో మొన్న మట్టల ఆదివారం నాడు, శుభ శుక్రవారానికి ముందురోజు, యేసు తన శిష్యుల కాళ్లు కడిగినదానికి గుర్తుగా, కాళ్లు కడిగించుకునే పన్నెండు మంది పేర్లు చదువుతూ పాస్టరు యేసుప్రసాద్ అయ్యగారు, "దేవుడు కాలు తిరిగిచ్చిన మన ఏసురాజు" అని కూడా చదివారు.

ఇదిగో, ఆ గురువారం సాయంత్రమే ఇది.

ఏసురాజు చెప్పులు విప్పాడు. వెనక పట్టీ ఉన్న చెప్పులు. మామూలువి అయితే కాలి నుంచి ఎక్కడ జారిపోయాయో తెలియక రెండుసార్లు ఒంటి చెప్పుతో ఇంటికి చేరాడు. రెండోసారి జ్ఞానమణి నవ్వి, "ఎవరి ధ్యాసలో ఉండావయ్యా" అంది. ఆ మాటకు సిగ్గుపడ్డట్టు నటించి, మర్నాడే పట్టీ చెప్పులు కొనుక్కున్నాడు. ఆమె అది సోకనుకుని మురిసిపోయింది.

లోపల బల్లలన్నీ నిండిపోయాయి. పాదం వేలాడకుండా ఉండటానికి మోకాలు కాస్త ఎత్తి అడుగు వేయడం ఏసురాజుకు అలవాటైంది. చూసేవాళ్లకు అది పెళ్లికొడుకు నడకలా ఉంటుంది. గుమ్మం నుంచి ముందు బల్ల దాకా అలాగే నడిచి, పదకొండు మంది పక్కన కూర్చున్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో "ఎంత నిమ్మళంగా నడుస్తాండాడో చూడు" అనడం చెవిన పడింది.

జ్ఞానమణి ఇత్తడి చెంబుతో అయ్యగారి పక్కనే ఉంది. ఈసారి నీళ్లు పోసే పని కావాలని అడిగి తీసుకుంది. తెల్లచీర కట్టుకుని, తల దువ్వుకుని, భర్త వైపు చూసీ చూడనట్టు ఒకసారి చూసింది. ఆ చూపులో గర్వం ఉంది. పెళ్లయిన పదహారేళ్లలో ఆమె అతన్ని అలా చూసిన సందర్భాలు తక్కువ, అందులో అర్హత లేకుండా సంపాదించింది ఇదొక్కటే.

కర్నూలు చుట్టుపక్కల ఎండాకాలంలో నీళ్ల సంగతి మీకు తెలియనిది కాదు. పన్నెండు మందికి రెండేసి కాళ్లు కడగాలంటే రెండు బిందెలు కావాలి. అందుకని ఆ చర్చిలో ముందునుంచీ కుడికాలు ఒక్కటే కడిగే ఆనవాయితీ. ఏసురాజుకు అది తెలుసు. తెలిసినా, తన వంతు రాగానే పంచె సర్దుకుంటూ ఎడమకాలు ముందుకు పెట్టాడు. అయ్యగారు చిరునవ్వు నవ్వి, వేలితో కుడికాలు చూపించారు.

ఏదో ఒక మాట అనాలని అతను అనుకునే వచ్చాడు. స్పర్శ ఉన్నవాడు కాలి మీద నీళ్లు పడితే ఏదో ఒకటి అనాలి కదా. ఏమనాలో తెలియక, తనకంటే ముందు వంతు వచ్చిన అయ్యన్న తాతను అంతకుముందే గమనించాడు. చెంబు వంచగానే తాత ఉలిక్కిపడి కాలు వెనక్కి లాక్కున్నాడు. ఓహో, నీళ్లు చల్లగా ఉన్నాయన్నమాట అనుకున్నాడు ఏసురాజు. జ్ఞానమణి తన పాదం మీద చెంబు వంచగానే, అందరికీ వినిపించేలా అన్నాడు.

"అబ్బ, ఎంత సల్లగుండాయో నీళ్లు."

చెంబు ఆగిపోయింది. ఆ నీళ్లు మిద్దె మీది ట్యాంకులోవి. ఏప్రిల్ ఎండకు పొద్దంతా కాగి, చెంబు పట్టుకున్న చేతికే చురుక్కుమంటున్నాయి. జ్ఞానమణి భర్త ముఖంలోకి చూసింది. అతను ఇంకా చల్లదనాన్ని అనుభవిస్తున్నవాడిలా కళ్లు అరమోడ్చి ఉన్నాడు.

అప్పుడే అయ్యగారు "స్స్" అని చెయ్యి వెనక్కి తీసుకున్నారు. బొటనవేలి మీద రక్తపు చుక్క. మట్టల ఆదివారానికి బల్లలకు ఈతమట్టలు గుచ్చిన డ్రాయింగు పిన్నులు, మట్టలు పీకినప్పుడు కొన్ని కిందే రాలి ఉండిపోయాయి. అందులో ఒకటి ఏసురాజు మడమ అంచున తల దాకా దిగి, పక్కకు వంగి, మొన కొంచెం చర్మం బయటికి పొడుచుకుని ఉంది. అదే అయ్యగారి వేలికి గుచ్చుకుంది. గుమ్మం నుంచి ముందు బల్ల దాకా పెళ్లికొడుకు నడక నడిచింది ఆ పిన్ను మీదే.

మొన తగిలిన అయ్యగారికి నొప్పి పుట్టింది, పిన్ను దిగినవాడికి పుట్టలేదు. అయ్యగారు తల ఎత్తి ఏసురాజును చూశారు, తర్వాత జ్ఞానమణిని చూశారు. తువాలు కప్పి, దాని కింద మెల్లగా పిన్ను లాగి, జేబులో వేసుకున్నారు. కాలి కింది పళ్లెంలో నీళ్లు ఎర్రబడటం జ్ఞానమణి చూసింది. ఏసురాజూ అప్పుడే చూశాడు. ఆమె చెంబు పట్టుకుని పక్కనున్న మనిషి దగ్గరికి జరిగింది. నీళ్లు ఒక్క చుక్క ఒలకలేదు. ఆరాధన అయ్యేదాకా ఆమె మళ్లీ అతని వైపు చూడలేదు.

అందరూ వెళ్లిపోయాక ఏసురాజు ఆవరణలో, ట్యూబులైటు కింద నిలిపిన ఆటోలో డ్రైవరు సీటు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె తిడితే బాగుండునని అతనికి ఉంది. జ్ఞానమణి పాస్టరుగారింటి నుంచి టించరు సీసా, దూది, పాత గుడ్డపీలిక తీసుకుని వచ్చింది. వచ్చి, ఆటో పక్కన నేల మీద చతికిలబడి, అతని కుడికాలు ఒళ్లోకి లాక్కుంది. ఆ తొంభై సాయంత్రాలూ ఇలాగే లాక్కునేది.

టించరు ముంచిన దూది మడమ మీద అద్దింది. "మండుతాందా?"

"లేదు."

ఆమె బొటనవేలు గిల్లింది. "తెలుస్తాందా?"

ఎనిమిది నెలలుగా ఈ ప్రశ్నకు అతని దగ్గర ఒకే జవాబు ఉంది. అలవాటు చొప్పున నాలిక చివరికి వచ్చింది కూడా. ఆమె ముఖం చూసి దాన్ని మింగేశాడు.

"లేదు మణీ."

"ఎప్పటినుంచి?"

"యాపొద్దూ తెలీలేదు. తెలుస్తాండాదని చెప్పిన పొద్దు గూడా తెలీలేదు."

ఆ ముఖం చిన్నబోతుందని ఏసురాజు భయపడుతూ ఎదురుచూశాడు. అది చిన్నబోలేదు. ఆమె గుడ్డపీలిక రెండు చుట్లు చుట్టి, ముడి వేసి, ముడి బిగుతుగా ఉందేమోనని వేలు దూర్చి చూసింది. బిగుతైతే అతనికి తెలియదు కదా. ఆ పని అంతా అయ్యాక, కాలు ఒళ్లోనే ఉంచుకుని మాట్లాడింది.

"కాలు రాకపోతే పోనీలేయ్యా. రోజూ పట్టుకుంటా ఉంటినే, నాకు బరువని ఒక్క దినమన్నా అంటినా? నన్ను అంతమందిలో నిలబెట్టి లేనిది చెప్పిచ్చినావు సూడు, అదే నాకు మింగుడు పడలే. కాళ్లుజేతులు పడిపోయినోళ్ల పెండ్లాలు ఎంతమంది నా కాడికొచ్చినారో నీకు తెలుసా? అక్కా, నువ్వెట్ల ప్రార్థన చేస్తివి, మాకూ చెప్పు అని అడిగిరి. నేను చెప్తి. ఇట్ల చెయ్యండి, ఇన్ని దినాలు ఉపవాసముండండి అని కూసోబెట్టి చెప్తి."

ఏసురాజుకు ఈ సంగతి తెలియదు. తన అబద్ధం తన ఇంట్లోనే, తన కాలి దగ్గరే ఉందనుకున్నాడు. అది ఇన్ని ఇళ్లు తిరిగిందని ఇప్పుడే తెలిసింది. తల ఎత్తలేక, కట్టు వైపు చూస్తూ అన్నాడు.

"నీ మొగం సూడలేక అంటి మణీ. తొంభై దినాలు లేదంటి. ఆ దినం ఇంగ నోరు రాలేదు."

"నా మొగం చిన్నబోతే చిన్నబోనీ. అది నా మొగం. మల్ల తెల్లారి బాగయితాండె గదా." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఏడుస్తోందో కోపంగా ఉందో అతనికి తెలియలేదు, బహుశా రెండూనేమో. "సరే. అది ఇంటికి పొయ్యి మాట్లాడుకుందాం. ముందు ఇది చెప్పు. కాలు తెలీకుండా ఇన్నాళ్లు బండెట్ల తోల్తివి?"

ఇక్కడ మన ఏసురాజు ఒక పొరపాటు చేశాడు. ఆ ప్రశ్నలో మెచ్చుకోలు ఉందనుకున్నాడు. ఎనిమిది నెలలుగా ఎవరికీ చెప్పుకోలేకపోయిన ఉపాయం కదా. ముఖం కాస్త వెలిగింది.

"ఆ మువ్వ ఎందుకనుకున్నావు? సోకుకని కట్టలే. తొక్కితే మోగుతాది. చెవితో కనుక్కుంటా. ఇంతవరకు ఒక్కరికి గీటు గూడా తగల్లేదు, తెలుసా."

జ్ఞానమణి లేచి వంగి, బ్రేకు కింద చూసింది. ఇన్నాళ్లూ ఎక్కిన ప్రతిసారీ ఆ మోత వింటూ, తన మొగుడి ఆటో ఎంత కళగా ఉందో అనుకునేది. చెయ్యి కిందికి పెట్టి మువ్వను గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"కండ్లు మూసుకో."

"ఎందుకే?"

"మూసుకోమంటాండా."

మూసుకున్నాడు.

"ఇప్పుడు కాలు ఎత్తి బ్రేకు తొక్కు."

ఏసురాజు తొడ బిగించి, కాలు ఎత్తి, దించాడు. మువ్వ మోగలేదు. ఆమె చేతిలో ఉంది కదా, ఎలా మోగుతుంది? అతను ఇంకాస్త గట్టిగా అదిమాడు.

"తొక్కినావా?"

"తొక్కినా."

"గట్టిగా?"

"శానా గట్టిగా. బండి ఆగిపోతాది ఈపాటికి."

"కండ్లు తెరువు."

తెరిచాడు. అతని పాదం బ్రేకుకు బెత్తెడు దూరంలో, ఆటో నేల రేకు మీద ఉంది. గట్టిగానే తొక్కుతున్నాడు, వేళ్లు తెల్లబడేంత గట్టిగా. బ్రేకు ఎక్కడిదక్కడే ఉంది. దాని కింద జ్ఞానమణి గుప్పిట.

ఏసురాజు చాలాసేపు ఆ పాదం వైపే చూశాడు. ఎనిమిది నెలలూ ఒక్కరికి గీటు తగలలేదన్న మాట ఇప్పుడతనికి వేరేలా వినిపించింది. బస్టాండు దగ్గర లారీ హారన్ల మధ్య ఎన్నిసార్లు మువ్వ వినిపించలేదో, వినిపించకున్నా వినిపించిందని ఎన్నిసార్లు అనుకున్నాడో, వెనక కూర్చున్నవాళ్లలో చంటిపిల్లల తల్లులు ఎంతమందో, ఒక్కొక్కటే గుర్తుకు వచ్చాయి. భార్యకు అబద్ధం చెప్పానని ఇన్నాళ్లూ కుమిలిపోయాడు గానీ, అదే అబద్ధం తనకు తాను అంతకంటే ఎక్కువగా చెప్పుకున్నానని ఇప్పుడే అర్థమైంది.

"మణీ," అన్నాడు.

ఆమె మువ్వ వదిలేసింది. అది చిన్నగా మోగింది. "రేపు పొద్దున ఓర్వకల్లు పొయ్యి మా అమ్మను ఎక్కించుకొస్తానంటివి," అంది మెల్లగా. "మా అమ్మను, ఇంగా ముగ్గురు ముసిలోళ్లను. ఆ పెద్ద రోడ్డు మీద."

ఏసురాజు తాళం చెవి తీసి తనే ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కొంగులో ముడివేసుకుంది. అత్తగారు విశ్వాసమ్మకు అల్లుడంటే ప్రాణం. మువ్వల ఆటోలో ముందు సీటులో కూర్చుంటానని వారం నుంచి చెబుతోంది.

చర్చి తలుపు మూసి, అయ్యగారు చేతిలో నోటుపుస్తకంతో ఆటో దగ్గరికి వచ్చారు. బొటనవేలికి చిన్న గుడ్డ చుట్టుకుని ఉన్నారు. ముందు ఏసురాజు కట్టు వైపు చూసి, తర్వాత జ్ఞానమణితో మాట్లాడారు.

"జ్ఞానమణమ్మా, పునరుత్థాన ఆదివారం సాక్ష్యాల పట్టీలో నీ పేరుండాది. పక్క ఊళ్ల సంఘాలోళ్లు గూడా వస్తారని మొన్న నేనే రాసుకుంటి. కొట్టేయమంటే ఇప్పుడే కొట్టేస్తా. ఎందుకని ఎవరూ అడగరు. నేనూ అడగను."

ఆయన దయగానే అన్నారు. పేరు కొట్టేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. జ్ఞానమణి పరువు నిలుస్తుంది. ఆటో అమ్మేసి, ఇంకేదో కారణం చెప్పుకోవచ్చు. ఆమె నేల చూపులు చూస్తూ నిలబడింది. ఆ తెల్లచీరలో, సాయంత్రం చెంబు పట్టుకున్నప్పుడున్న గర్వమంతా పోయి, అలిసిపోయి ఉంది.

ఏసురాజు నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు. కృతజ్ఞతా కూడిక నాడు కూడా రెండు మాటలు చెప్పమంటే వంటల దగ్గరికి పారిపోయాడు.

"ఆయమ్మ పేరు కొట్టేయండి అయ్యగారూ," అన్నాడు. "ఆ తావులో నా పేరు రాయండి."

అయ్యగారు కలం తీయలేదు. "ఏం చెప్తావప్పా?"

"కాలు రాలేదని చెప్తా. ఆయమ్మ చెప్పింది ఆయమ్మ తప్పు గాదు, నేను చెప్పిందే చెప్పిందని చెప్తా. ఆయమ్మ కాడికి వచ్చిన ఆడోళ్లందరూ ఆ దినం ఉంటారు గదా. వాళ్ల ముందరే చెప్తా." ఆటో వెనక సీటు వైపు చూసి మళ్లీ అన్నాడు. "నా ఆటో ఎక్కినోళ్లు గూడా ఉంటారు. వాళ్లకూ చెప్పాల."

అయ్యగారు ట్యూబులైటు వెలుగులో పుస్తకం తెరిచి రాసుకున్నారు. రాసి, పోతూ పోతూ ఏసురాజు భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, ఇంట్లోకి వెళ్లిపోయారు.

జ్ఞానమణి భర్తను చూస్తూ ఉండిపోయింది. సాయంత్రం చూసిన చూపే మళ్లీ చూసింది. ఈసారి అది తనకు రావలసిందేనని ఏసురాజుకు అనిపించింది, అనిపించి తల దించుకున్నాడు.

"ఆదివారం దాకా ఎందుకుగానీ, ఇప్పుడు ఇంటికి ఎట్ల పోవాల?" అంది ఆమె. "ఆ మడమతో నడిస్తే పుండు పెద్దదైతాది. నీకు తెలీదు, నాకు తెలుస్తాది. బండి ఈడ వదిలితే పొద్దున్నే పది మంది అడుగుతారు."

"రెండు వీధులే గదే. మెల్లగా..."

"నువ్వు తోలేది లేదు." ఆమె చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుంది. "జరుగు."

"ఏంది?"

"జరగమంటాండా. పదేండ్లు కుట్టుమిషను తొక్కిన కాళ్లివి. ఏది తొక్కితే ఏమైతాదో నా కాళ్లకు తెలుస్తాది. నువ్వు పక్కన కూసోని నోటితో చెప్పు."

ఏసురాజు పక్కకు జరిగాడు. జ్ఞానమణి డ్రైవరు సీటులో కూర్చుంది. రెండు చేతులూ హ్యాండిల్ మీద వేసి, కుడికాలి చెప్పు విడిచి, ఉత్తపాదం ముందుకు చాచింది. మువ్వ ఘల్లుమంది.

"ఇదే గదా?"

ఎనిమిది నెలలుగా తన పాదాన్నే చూసుకుంటూ బతికిన ఏసురాజు, మొదటిసారి ఆమె పాదం వైపు చూశాడు.

"అదే," అన్నాడు. "దాన్ని అట్లే తొక్కిపట్టు. మిగతాది చెప్తా."

జ్ఞానమణి బ్రేకు తొక్కిపట్టి, కొంగు ముడి విప్పి, తాళం చెవి బయటికి తీసింది.